చుక్కల గౌను, తెల్ల చొక్కా

"ఇది నా గౌను కాదండీ," అంది ఆ అమ్మాయి.

నేను రసీదు చూశాను. నంబరు సరిగ్గానే ఉంది. ముదురు నీలం మీద తెల్ల చుక్కలు, నడుం దగ్గర అదే గుడ్డతో బెల్టు, భుజాల దాకా వచ్చే వెడల్పాటి కాలరు. మా లాండ్రీలో అలాంటి గౌను ఇంకోటి లేదు. ఆ మాటకొస్తే మా వీధిలోనే లేదు.

"మీదేనండీ. మొన్న మీరే ఇచ్చారు. కాఫీ మరక పోవాలన్నారు. పోయింది, చూడండి."

"మరక పోయింది, థాంక్స్. మరి ఇక్కడ ఉండాల్సింది ఎక్కడికి పోయింది?" అని కాలరు వెనక్కి తిప్పి, మెడ లోపలి కుట్టు మీద వేలు పెట్టింది.

అప్పుడు నాకు వెలిగింది. "ఓ, ఆ పాత లాండ్రీ మార్కా? అది కూడా తీసేశానండీ. మా షాపు పద్ధతి అది. వేరే లాండ్రీ మార్కున్న బట్ట వస్తే, ముందు అది తీసేసి మా మార్కు వేస్తాం. లేకపోతే బట్టలు కలిసిపోతాయి. ఇప్పుడైతే అందరూ ఇంకుతో రాస్తున్నారు గానీ, ఇది దారంతో కుట్టిన మార్కు. మూడు ఎర్ర చుక్కలు, కింద ఒక గీత. గుడ్డ చిరక్కుండా సూదితో ఒక్కో పోగూ లాగేసరికి గంటన్నర పట్టింది. దానికి వేరే చార్జీ లేదు."

ఆఖరి మాట అన్నప్పుడు నా మొహంలో కాస్త గర్వం కూడా ఉండే ఉంటుంది.

"గంటన్నర," అంది ఆమె నెమ్మదిగా. "గంటన్నర ఓపిగ్గా కూర్చుని, ఈ గౌనులో నాకు అన్నిటికంటే ఇష్టమైనదాన్ని పీకేశారు."

మరక ఉండిపోయిందని తిట్టినవాళ్ళున్నారు, గుండీ ఊడిందని తిట్టినవాళ్ళున్నారు. శుభ్రంగా చేశామని తిట్టినవాళ్ళు లేరు.

"ఈ గౌను నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దదండీ," అంది. "పాతబట్టల బజారులో దొరికింది. ఎవరో ఒకావిడ దీన్ని లాండ్రీకి వేసేది. అక్కడ ఎవరో కూర్చుని, ఇది తప్పిపోకూడదని మూడు చుక్కలు కుట్టారు. ఆవిడెవరో తెలీదు, ఆ లాండ్రీ ఉందో లేదో తెలీదు. ఆ చుక్కలు మాత్రం మిగిలాయి. మొన్నటిదాకా."

"కావాలంటే మళ్ళీ కుడతానండీ. అచ్చం అలాగే."

"ఇంకొకళ్ళ సంతకం మీరు పెడతారా?"

ఆమె గౌను మడతపెట్టుకుని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగింది. కళ్ళజోడు వెనకనుంచి నన్ను కొలిచినట్టు చూసింది.

"ఆదివారం ఖాళీయేనా?"

"ఎందుకండీ?"

"తప్పు చేశారుగా, దిద్దుకోండి. బజారుకొచ్చి మార్కున్న బట్ట ఇంకోటి వెతికిపెట్టాలి. బట్టలో మార్కు ఎక్కడుంటుందో మీకు తెలుసుగా. సంచులు కూడా మోయాలనుకోండి."

నా గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. లేకపోతే తర్వాత నేను చేసిన వెధవపని మీకు అర్థం కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అందుకే వీధిలో సగం మంది నన్ను పేరుతో పిలవరు, "డిగ్రీ" అంటారు. సర్వే ఆఫీసులో మ్యాపుల సెక్షన్లో ఉద్యోగం. పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు, సాయంత్రం వచ్చాక అమ్మకి లాండ్రీలో సాయం. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ ఇస్త్రీపెట్టె పట్టుకునే నన్ను చదివించింది. మొదట్లో ఇళ్ళకి వెళ్ళి చేసేది. షాపు తర్వాత వచ్చింది.

ఆ ఇళ్ళవాళ్ళు తమ పిల్లల పాతబట్టలు అమ్మకిచ్చేవారు. నేను పెరిగింది వాటిలోనే. ఏడో తరగతిలో ఒకరోజు మా క్లాసువాడొకడు నా వీపు మీద తట్టి, "ఒరేయ్, ఈ చొక్కా నాదే. మా అమ్మ మీ అమ్మకిచ్చేసింది," అన్నాడు. పాపం వాడు కుళ్ళుతో అనలేదు. పోయిన పెన్సిల్ని గుర్తుపట్టినట్టు మామూలుగా అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ, "నీకు ఉద్యోగం వచ్చిన రోజు నుంచి నీ ఒంటి మీద పాతబట్ట పడనివ్వను," అంది.

అన్నమాట నిలబెట్టుకుంది. నా మొదటి జీతంతో ఆరు తెల్ల చొక్కాలు కొనిపించింది. అంచు పట్టుకుంటే వేలు తెగేలా ఇస్త్రీ చేసి ఇస్తుంది. ఇప్పటికీ నేను వేసుకునేవి తెల్లవే.

అలాంటి నేను ఆదివారం పాతబట్టల బజారుకి వెళ్ళాను. తప్పు నాది కాబట్టి వెళ్ళానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ కళ్ళజోడుకి పిల్లికళ్ళలా రెండంచులూ పైకి లేచి ఉంటాయి. దాని వెనక కళ్ళు నవ్వితే ఎలా ఉంటాయో చూడాలన్నది రెండో కారణం.

బజారంటే టార్పాలిన్ల కింద కుప్పలు. కోట్లు, గౌన్లు, స్వెట్టర్లు, జతలేని సాక్సులు. ఆమె మొదటి కుప్ప ముందు చతికిలబడి పాఠం మొదలెట్టింది.

"ముందు చంక చూడాలి."

"ఏంటీ?"

"చంక. బట్టలో ఇంకేదైనా అబద్ధమాడొచ్చు గానీ చంక ఆడదు. తర్వాత జిప్పు. ఇనపదైతే పాతది. తర్వాత లోపల కుట్టు పక్కన ఎంత గుడ్డ వదిలారో చూడాలి. ఇదిగో, ఇంత. అప్పట్లో కుట్టేవాళ్ళకి మనిషి లావవుతుందని ముందే తెలుసు. ఇప్పుడు మనం లావైతే మన ఖర్మ." తలెత్తి నన్ను చూసింది. "మీరేంటి, పట్టుబడ్డ దొంగలా చేతులు వెనక్కి కట్టుకున్నారు?"

"డస్ట్ ఎలర్జీ అండీ," అన్నాను. అది నా మొదటి అబద్ధం.

ఆమె లేచి వెళ్ళి, పక్క సందులోని మందుల షాపులో మాస్కు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టింది. దాంతో ఆ పూటంతా ఎలర్జీ లేని ముక్కుకి మాస్కు కట్టుకుని ఉక్కపోతలో నిలబడ్డాను. అబద్ధానికి శిక్ష ఇంత తొందరగా పడుతుందని నాకు తెలీదు.

కుప్పల మధ్య కూర్చున్న ముసలాయన మమ్మల్నిద్దర్నీ చూసి, "ఏం మనవరాలా, ఇవాళ డాక్టర్ని వెంటేసుకొచ్చావేం?" అన్నాడు. ఆయన ఆమెకి తాత కాదు. ప్రతి ఆదివారం ఆయనతో పోట్లాడి పోట్లాడి ఆ వరస కలిసింది.

మధ్యాహ్నం వాన వచ్చింది. మామూలు వాన కాదు, బకెట్లతో కుమ్మరించినట్టు. తాత కుప్పలన్నీ టార్పాలిన్ కిందికి లాగేశాడు. మేమిద్దరం వేలాడే కోట్ల మధ్య ఇరుక్కున్నాం. నా భుజం మీద చినుకులు పడుతుంటే ఆమె ఒక పాత గళ్ళ కోటు తీసి ఇద్దరి తలల మీదా పట్టుకుంది.

"ఎలర్జీ ఎలా ఉంది?"

"వానలో రాదండీ."

అప్పుడు నవ్వింది. రెండో కారణం తేలిపోయింది.

"మీకు ఇవంటే ఎందుకింత ఇష్టం? చవకనా?" అని అడిగాను.

"మా నాన్న బస్సు డ్రైవరు. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను, కళ్ళు పరీక్ష చేసేది నేనే. నా జీతానికి కొత్తబట్టల షాపులో ఏం దొరుకుతుందో అది ఊళ్ళో అందరి ఒంటి మీదా ఉంటుంది. ఇక్కడ అందులో సగానికి ఎవరి దగ్గరా లేనిది దొరుకుతుంది." కోటు కాస్త నా వైపు జరిపింది. "చవకని వచ్చాను. నిజమే. ఉండిపోయింది మాత్రం చవకని కాదు."

మూడో ఆదివారం నేనే పట్టాను. మాస్కు కట్టుకుని, కర్రతో కుప్ప కదుపుతుంటే ఒక స్కర్టు నడుం పట్టీలో మాసిన ఇంకుతో నంబరు కనిపించింది. దాని పక్కన చిన్న చేప బొమ్మ. ఏ లాండ్రీదో గానీ మంచి మార్కు. గర్వంగా పైకెత్తాను. ఆమె తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. తర్వాత ఇద్దరం ఆ స్కర్టు వంక దిగులుగా చూశాం. ఒప్పందం ప్రకారం ఇక నేను ఆదివారాలు రానక్కర్లేదు.

"ఒక్క మార్కుతో ఏం సరిపోతుంది?" అంది ఆమె.

"కనీసం డజనుండాలి," అన్నాను నేను.

ఆ డజను పూర్తయ్యేలోపే మీరు అన్నది నువ్వు అయింది. ఎప్పుడైందో ఇద్దరికీ గుర్తులేదు.

ఆమె బట్టలన్నీ మా లాండ్రీకే వచ్చేవి. ఒకసారి చుక్కల గౌను బల్ల మీద పరుస్తూ అమ్మ అడిగింది. "ఎవరిదిరా ఇది?"

"కళ్ళజోళ్ళ షాపు అమ్మాయిది."

"కుట్టు బాగుంది. ఎక్కడ కొందట?"

చెప్పొచ్చు. నోరు తెరిచి పాతబట్టల బజారులో అని రెండు మాటలు చెప్పొచ్చు. కానీ అమ్మ చేతుల్లో గౌను, గోడకి నా తెల్ల చొక్కాలు. నాకు క్లాసురూము గుర్తొచ్చింది.

"పెద్ద షాపులోనటమ్మా. కొత్త మోడలు. డిజైనర్."

"ఓహో," అంది అమ్మ.

ఆ ఓహో ఎలాంటిదో నాకు తర్వాత గానీ తెలియలేదు. అప్పటినుంచి ఆ అమ్మాయి బట్టలు నా చేతికి ఇవ్వకుండా తనే ఇస్త్రీ చెయ్యడం మాత్రం చూశాను. ఖరీదైనవి కదా, నేను కాల్చేస్తానని భయం కాబోలు అనుకున్నాను.

రెండు నెలలు గడిచాక అమ్మకి ఆమె సంగతి చెప్పాను. అమ్మ తలొంచుకుని మడతలు పెడుతూనే, "ఆదివారం తీసుకురా, చూస్తాను," అంది.

ఇక నేను చేసిన వెధవపని. శుక్రవారం సాయంత్రం ఒక బట్టల షాపుకెళ్ళి లేత గులాబీ రంగు డ్రెస్సు కొని, అట్టపెట్టెలో పెట్టించి, బస్టాపులో ఆమె చేతికిచ్చాను.

"ఏంటిది?"

"డ్రెస్సు. ఎల్లుండి మా ఇంటికొచ్చేటప్పుడు వేసుకోడానికి."

"నా దగ్గరున్నాయిగా. వానలో పట్టుకున్న గళ్ళ కోటు వేసుకుందామనుకున్నా."

"అది వద్దు," అన్నాను కంగారుగా. "కొత్తదైతే బాగుంటుంది. నీవి పాతవని అమ్మకి తెలీదు."

"మరేం చెప్పావ్?"

"డిజైనర్ అని."

మొదట ఆమెకి నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఎలర్జీ కూడా డిజైనరేనా?"

నేను నేల చూశాను. నాకు అబద్ధాలు చెప్పడం రాదు. దొరికిపోవడం మాత్రం బాగా వచ్చు.

"రెండు నెలలు మాస్కు కట్టుకున్నావు," అంది. "నీకు పడదేమోనని ప్రతి బట్టా ముందు దులిపి, నీకు దూరంగా పట్టుకునేదాన్ని. ఒక్క సంగతి చెప్పు. నీ సిగ్గు నా గౌన్లని చూసా, నన్ను చూసా?"

"అలా కాదు."

"ఎలాగో చెప్పు. వింటాను."

చెప్పలేకపోయాను. పదిహేనేళ్ళ కిందటి చొక్కా ఒకటి గొంతుకడ్డం పడింది. బస్సొచ్చింది. ఆమె అట్టపెట్టె బెంచీ మీద పెట్టి, దాన్ని సరిగ్గా సర్ది, ఎక్కి వెళ్ళిపోయింది. కోపంలో కూడా బట్టని విసిరెయ్యలేదు. అది చూసి నాకు ఇంకా బాధేసింది.

ఆదివారం అమ్మ కుర్చీలు తుడిచి, కిటికీకి ఉతికిన పరదా కట్టి కూర్చుంది. "ఏదో పని పడిందట," అన్నాను. బుధవారం సాయంత్రం షాపులో ఇద్దరమే ఉన్నప్పుడు అమ్మ అడిగింది.

"ఒరేయ్ డిగ్రీ. చుక్కల గౌను రావట్లేదేం?"

అమ్మ నన్ను డిగ్రీ అంటే కేసు గట్టిదని అర్థం.

"వేరే లాండ్రీకి వేస్తోందేమో."

"నువ్వేం చేశావ్?"

"నేనేం చేస్తాను? తనే..."

"తప్పు ఆ పిల్లదైతే నువ్వు కోపంగా ఉండేవాడివి. నువ్వు దొంగలా ఉన్నావు."

చెప్పేశాను. "అమ్మా, అవి కొత్తవి కాదు. పాతబట్టల బజారులో కొన్నవి. డిజైనరని నీకు అబద్ధం చెప్పాను."

అమ్మ ఇస్త్రీ ఆపలేదు. "తెలుసు."

"తెలుసా?"

"ముప్పై ఏళ్ళుగా గుడ్డ పట్టుకుని బతుకుతున్నాను. వేడి తగిలితే కొత్తగుడ్డది ఒక వాసన, వందసార్లు ఉతికినదానిది ఒక వాసన. ఆ గౌను నీకంటే పెద్దది. నువ్వు మొహం అంత చేసుకుని డిజైనరంటుంటే, చదువుకున్నవాడివి కదాని ఊరుకున్నాను."

"మరి ఏమనుకున్నావు?"

"లేనిపిల్ల అనుకున్నాను. ఎవరో ఇచ్చినవి కట్టుకుంటూ, నీ దగ్గర కొత్తవని చెప్పుకుంటోందనుకున్నాను. పాపం మనలాంటిదే అనుకున్నాను. అందుకే దాని బట్టలు నీ చేతికివ్వలేదు. పాతగుడ్డ, చూసి చెయ్యాలి."

నాకు ఇంకో అబద్ధం నిలబెట్టే ఓపిక లేదు. "లేనిపిల్ల కాదమ్మా. ఉద్యోగముంది. ఎవరో ఇచ్చినవి కావు. ఇష్టమై కొనుక్కుంటుంది."

"ఏమై?"

"ఇష్టమై."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. అమ్మ నన్నే చూస్తోంది. కాసేపటికి ఏదో కాలుతున్న వాసనేసింది. పెట్టె తీసేసరికి నా తెల్ల చొక్కా వీపు మీద పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చుపడింది. అమ్మ చేతిలో బట్ట కాలడం నేను పుట్టాక అదే చూడ్డం.

"లేక కట్టుకోవడం నాకు తెలుసు," అంది అమ్మ. "ఉండి, ఏరుకుని, డబ్బిచ్చి మరీ పాతది కట్టుకోవడమేంట్రా? మన ఏడుపు వాళ్ళకి సరదానా?"

"అది నాకు చెప్పడం రాదు. తననే అడుగు."

"ఆ పిల్లకి నీ స్కూలు సంగతి చెప్పావా?"

"లేదు."

"నా దగ్గరో అబద్ధం, దాని దగ్గరో అబద్ధం. నిన్ను చదివించింది ఇందుకా?" కాలిన చొక్కా పక్కన పెట్టింది. "వెళ్ళి చెప్పు. ఆదివారం ఆ బజారేదో నాకు చూపించమను. నచ్చకపోతే మొహం మీదే చెప్తాను. బజారు సంగతీ, పిల్ల సంగతీ."

మర్నాడు ఆఫీసవగానే కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాను. ఆమె కౌంటర్లో ఉంది.

"కళ్ళు పరీక్ష చేయించుకోవాలండీ," అన్నాను.

"మీకు కళ్ళు బాగానే ఉన్నాయి. మనుషులే కనపడరు."

"అదే చూపించుకుందామని."

యజమాని వింటున్నాడు కాబట్టి ఆమెకి లోపలికి తీసుకెళ్ళక తప్పలేదు. చిన్న చీకటి గది. ఎదురుగా వెలిగే అక్షరాల బోర్డు. నా ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, ఒక కంటికి మూత వేసి, "పైనుంచి చదవండి," అంది.

నేను చదవలేదు. ఏడో తరగతి గురించి చెప్పాను. వీపు మీద తట్టిన చెయ్యి, క్లాసు నవ్వు, అమ్మ అన్న మాట, ఆరు తెల్ల చొక్కాలు. ఒక కన్ను మూసి ఉండటం వల్ల చెప్పడం కొంచెం సులువైంది. ఆమె చేతిలో అద్దం బిళ్ళ అలాగే ఉండిపోయింది.

"అయ్యో" అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు.

"ఆ చొక్కా ఏ రంగు?" అని అడిగింది.

"నీలం. జేబు మీద చిన్న పడవ కుట్టి ఉండేది."

"బాగుండేదా?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నాకు నేను కూడా వేసుకోలేదు.

"చాలా బాగుండేది," అన్నాను. "నాకున్న చొక్కాలన్నిట్లో అదే ఇష్టం. ఆ తర్వాత మళ్ళీ వేసుకోలేదు." అది చెప్పాక బోర్డు మీద అక్షరాలన్నీ ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి.

ఆమె ఫ్రేము తీసేసింది. "అద్దాలు నేను తుడుస్తాను. నువ్వు కళ్ళు తుడుచుకో."

"నాకు సిగ్గు నిన్ను చూసి కాదు. నన్ను చూసుకునే. నువ్వంటే ఇష్టం. నీ గౌన్లతో సహా."

"గౌన్లతో సహా అంటే పెద్ద బీరువా కావాలి, ముందే చెప్తున్నా." అద్దాలు అవసరానికి మించి తుడుస్తోంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ సరదా పోతుందనుకున్నాను."

"పోతే పోయేది. అదేమన్నా నీకంటే ఎక్కువా?"

ఆ మాటకి ఇద్దరం సిగ్గుపడి బోర్డు వంక చూశాం. తర్వాత అమ్మ మాట చెప్పాను. ఆదివారం బజారు చూపించమన్నదనీ, నచ్చకపోతే మొహం మీదే చెప్తానన్నదనీ.

ఆమె తుడుస్తున్న అద్దాలు కింద పెట్టేసింది. "ఆవిడకి ఇస్త్రీలో ముప్పై ఏళ్ళు. ఆవిడ ముందు నేను చంకలు చూడాలా?"

ఆదివారం ఆమె గళ్ళ కోటులోనే వచ్చింది. అమ్మ ఆ కోటుని పైనుంచి కింది దాకా చూసి, చేతి అంచు తిరగేసి లోపలి కుట్టు పరీక్షించి, వదిలేసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ముగ్గురం తాత టార్పాలిన్ కిందికి వెళ్ళాం.

"చూడమ్మాయ్," అంది అమ్మ కుప్ప ముందు నిలబడి. "నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం రాదు. మేము ఏడ్చుకుంటూ కట్టినవి నువ్వు నవ్వుకుంటూ కడుతున్నావు. ఎందుకు?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది.

"నాకు సరిగ్గా చెప్పడం రాదండీ. మీరొకటి ఏరతారా? మీ కోసం."

"నాకా? నేనెప్పుడు ఏరాను? ఇచ్చింది తీసుకోవడమే."

"వద్దనేవారు కాదా?"

"వద్దంటే మళ్ళీ ఇవ్వరు. చినిగినా, పొట్టయినా, 'చాలా బాగుందమ్మా' అనాలి. నవ్వుతూ అనాలి."

ఆ అమ్మాయి కుప్పలోంచి ఆవపిండి రంగు స్వెట్టరొకటి తీసి అమ్మ చేతికిచ్చింది. "ఇది ఎలా ఉందండీ?"

"చాలా బాగుం..." అని అమ్మ నోటికి అలవాటైన మాట సగంలో ఆగిపోయింది. స్వెట్టర్ని తిప్పి చూసింది. మోచేతులు సాగదీసింది.

"బాగాలేదు," అంది మెల్లగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు.

"అయితే పడేయండి."

"పడెయ్యనా?"

"నచ్చకపోతే పడెయ్యడమే."

అమ్మ తాత వంక చూసింది. ఆయన వేరే ఎవరితోనో బేరంలో ఉన్నాడు. అమ్మ స్వెట్టర్ని కుప్ప మీద పడేసింది. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. ఆకాశం విరిగి పడలేదు.

ఇంకోటి తీసింది. "మెడ వంకర. నచ్చలేదు." ఇంకోటి. "గుండీలు ఒక జత కాదు. నచ్చలేదు." ఆ అమ్మాయి అందిస్తోంది, అమ్మ పడేస్తోంది. గొంతు నెమ్మదిగా పెరిగింది. "ఇదేం రంగు, ఉడికిన వంకాయలా. నచ్చలేదు." "చంక చూడండీ," అని ఆమె గుర్తుచేస్తే, "చంక చూడక్కర్లేదు, మడత చూస్తే తెలుస్తుంది," అని అమ్మ ఆమెకే పాఠం చెప్పింది. ఇద్దరూ కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. అది చెమటా, ఇంకేదన్నానా అని నేను తరచి చూడలేదు. నవ్వుతున్న మాట మాత్రం నిజం. మొహమాటానికి నవ్వే నవ్వు కాదది.

గంట గడిచింది. తాతకి ఓపిక అయిపోయింది.

"ఏం తల్లీ, నా కుప్ప మొత్తం తిరగేశావు. ఒక్కటీ నచ్చలేదా?"

"ఒకటి నచ్చింది," అంది అమ్మ లేస్తూ. "అది నీ కుప్పలోది కాదులే."

ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి, మసక లేని అద్దాలు తుడవడం మొదలుపెట్టింది.

"పద పిల్లా," అంది అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని. "అటుపక్క ఇంకా నాలుగు కొట్లున్నాయి. వాటిలో కూడా ఏమీ బాగాలేదని చెప్పి రావాలి."

"పదండి అత్తయ్యా," అంది ఆమె.

ఇద్దరూ జనంలో కలిసిపోయారు. నాకు పెళ్ళి కుదిరిందన్న సంగతి నాకు చెప్పాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.